తక్‌పట్టీ మీద ఎవరి సంతకం?

ఆదోని మార్కెట్ యార్డుకు పత్తి తెచ్చిన రైతు అమ్మకం ముగిశాక ఒక చిన్న కాగితం పట్టుకుని బయటికొస్తాడు. దాన్ని తక్‌పట్టీ అంటారు. తూకం ఎంత వచ్చింది, క్వింటాలుకు ధర ఎంత పలికింది, హమాలీకి ఎంత పోయింది, కాటాకు ఎంత పోయింది, చేతికి రావలసింది ఎంత అని వరసగా రాసి, కింద కమీషన్ ఏజెంటు సంతకం పెడతాడు. యార్డులో తిరిగే మనుషుల పేర్లు కూడా ఆ కాగితమంత సూటిగానే ఉంటాయి. బస్తా మోసేవాడు హమాలీ. లెక్క రాసేవాడు గుమాస్తా. రైతుకూ కొనేవాడికీ మధ్య నిలబడి సరుకు అమ్మించేవాడు ఏజెంటు. కొనేవాడు ఖరీదుదారు. పేరు వింటే పని తెలుస్తుంది, పని తెలిస్తే ఎవరిని ఏమడగాలో తెలుస్తుంది. డబ్బు ఆలస్యమైతే రైతు గుమాస్తాతో గొడవకు దిగడు. తక్‌పట్టీ మీద సంతకం ఎవరిదో ఆయన దుకాణం ముందు వెళ్లి కూర్చుంటాడు. 1966 నాటి మార్కెట్ల చట్టం కమీషన్ వ్యాపారానికి లైసెన్సు తప్పనిసరి చేయడంలో ఉన్న అర్థం కూడా అదే. పేరు పెట్టుకున్నవాడు జవాబు చెప్పాలి.

ఈమధ్య ఇదే ఊళ్లోకి, పక్కనున్న ఎమ్మిగనూరులోకి ఇంకో రకం పేర్లు వస్తున్నాయి. హైదరాబాదులోనో బెంగళూరులోనో విదేశీ ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకుల కార్యాలయాల్లో మన పిల్లలు చేరుతున్నారు. గోల్డ్‌మాన్ శాక్స్ 2004లో బెంగళూరులో, 2021లో హైదరాబాదులో కార్యాలయం తెరిచింది. జేపీ మోర్గాన్ వంటివీ ఇక్కడున్నాయి. దాంతో పెళ్లి సంబంధాల బయోడేటాల్లో, కాలేజీల ఫ్లెక్సీల మీద అసోసియేట్, వైస్ ప్రెసిడెంట్, ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్ అనే మాటలు కనిపిస్తున్నాయి. ముప్పై రెండేళ్ల కుర్రాడు వైస్ ప్రెసిడెంటని చెబితే ఇంట్లో పెద్దాయనకు ఉపాధ్యక్షుడు అనే వినిపిస్తుంది. అంటే అధ్యక్షుడు ఊళ్లో లేనప్పుడు ఆ కుర్చీలో కూర్చునేవాడన్నమాట. ఇందులో పిల్లవాడు ఆడిన అబద్ధం ఏమీ లేదు. కంపెనీ ఇచ్చిన ఉత్తరంలో అక్షరాలా అదే ఉంది. చిక్కల్లా ఆ పేరు పని నుంచి కాక మెట్టు నుంచి పుట్టడంలో ఉంది. ఏ హోదానైనా తూచాల్సింది దాని వెనకున్న సంతకంతో అని నా వాదన. ఆ మనిషి సంతకం చేస్తే ఏం కదులుతుంది, తప్పు జరిగితే ఆ సంతకం ఎవరి మెడకు చుట్టుకుంటుంది? ఈ కాటా మీద పెడితే ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు హోదాల్లో చాలావాటికి చెవికి తోచినంత బరువు ఉండదు.

ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు అంటే ఏమిటో ఆదోని వాళ్లకు చెప్పడం తేలిక. డిపాజిట్లు పట్టి పంట రుణాలిచ్చే బ్యాంకు కాదది, ప్రధానంగా కమీషన్ వ్యాపారం. డబ్బు కావలసిన కంపెనీ ఒకవైపు, డబ్బున్న మదుపరులు ఇంకోవైపు ఉంటారు. మధ్యలో నిలబడి షేర్లు, బాండ్లు అమ్మించడం, ఒక కంపెనీ చేత ఇంకో కంపెనీని కొనిపించడం, ఫీజు తీసుకోవడం దాని పని. షేర్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 1992లో తెచ్చిన నిబంధనల్లో ఈ వ్యాపారానికి పెట్టిన పేరు మర్చంట్ బ్యాంకింగ్. మెట్లు చాలా సంస్థల్లో ఒకేలా ఉంటాయి. డిగ్రీ అవగానే చేరేవాడు అనలిస్టు. రెండు మూడేళ్లు నిలదొక్కుకుంటే, లేదా ఎంబీఏ చేసి వస్తే అసోసియేట్. మరో మూడు నాలుగేళ్లకు వైస్ ప్రెసిడెంట్. ఆ పైన సంస్థను బట్టి డైరెక్టరో, ఎగ్జిక్యూటివ్ డైరెక్టరో, చివరికి మేనేజింగ్ డైరెక్టర్. అనలిస్టు ఎక్సెల్ షీట్లలో కంపెనీ విలువ లెక్కగడతాడు, క్లయింటుకు చూపించే స్లైడ్లు తయారు చేస్తాడు, అందులో ఒక్క దశాంశం చుక్క తప్పినా తెల్లారేలోగా దిద్దుతాడు. అసోసియేట్ ఆ లెక్కలు సరిచూస్తాడు. వైస్ ప్రెసిడెంట్ లాయర్లతో, ఆడిటర్లతో మాట్లాడుతూ బేరాన్ని రోజువారీ నడిపిస్తాడు. క్లయింటును పట్టుకొచ్చేది మేనేజింగ్ డైరెక్టర్. మండీ భాషలో చెప్పాలంటే కింది మెట్టు గుమాస్తాది, పై మెట్టు సరుకు రప్పించే ఏజెంటుది. అయితే యార్డు మూసేస్తే మన గుమాస్తా ఇంటికి పోతాడు. గోల్డ్‌మాన్‌లో మొదటి ఏడాది అనలిస్టులు 13 మంది 2021 ఫిబ్రవరిలో తమలో తాము చేసుకున్న సర్వేలో వారానికి సగటున 95 గంటల పని, రాత్రికి అయిదు గంటల నిద్ర అని తేలింది. అనలిస్టు అన్న పేరులో ఆ రాత్రులు వినిపించవు.

ఇక పై పేర్ల సంగతి. 2012 మార్చిలో గ్రెగ్ స్మిత్ అనే ఉద్యోగి గోల్డ్‌మాన్‌కు రాజీనామా చేస్తూ, సంస్థ క్లయింట్ల మేలు మరిచిపోయిందని న్యూయార్క్ టైమ్స్‌లో వ్యాసం రాశాడు. వ్యాసం కింద అతని హోదా ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్ అని ఉంది. ప్రపంచం ఉలిక్కిపడింది, ఎవరో పెద్ద తలకాయే తిరగబడిందనుకున్నారు. అదే రోజు సంస్థ అధిపతులు ఉద్యోగులకు రాసిన లేఖ ఆ గాలి తీసేసింది. మనకున్న దాదాపు 12,000 మంది వైస్ ప్రెసిడెంట్లలో అతనొకడని ఆ లేఖ సారాంశం. సంస్థలో అప్పటికి ఉన్న మొత్తం ఉద్యోగులు ముప్పై వేల పైచిలుకు. అంటే ప్రతి ముగ్గురిలో ఒకరికి పైగా ఉపాధ్యక్షులే! న్యూయార్క్‌లో వైస్ ప్రెసిడెంట్ అనే మెట్టునే లండన్‌లో ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్ అంటారు కాబట్టి లండన్‌లో పనిచేస్తున్న స్మిత్‌కు ఆ పేరు వచ్చింది. సముద్రం దాటితే మారిపోయే పేరు హోదా అవుతుందా? పైగా మోర్గాన్ స్టాన్లీ, జేపీ మోర్గాన్‌లలో ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్ అంటే వైస్ ప్రెసిడెంట్ పైన ఇంకో మెట్టు. ఒకే మాట ఒక ఇంట్లో అన్నయ్యకు, పక్కింట్లో తమ్ముడికి పెట్టినట్టుంది వ్యవహారం.

పేరుకు బరువెంతో కోర్టు దాకా వెళ్లిన సందర్భం కూడా ఉంది. సెర్గీ అలెనికోవ్ గోల్డ్‌మాన్‌లో ప్రోగ్రామర్, హోదా వైస్ ప్రెసిడెంట్. ఉద్యోగం మానేటప్పుడు సంస్థ కంప్యూటర్ కోడ్ పట్టుకెళ్లాడన్న ఆరోపణ మీద 2009లో అరెస్టయ్యాడు. ఫెడరల్ కేసులో పడిన శిక్షను 2012లో అప్పీలు కోర్టు కొట్టేసింది. ఈలోగా లాయర్ల ఖర్చు కొండలా పెరిగింది. ఆఫీసర్ల మీద కేసులొస్తే ఖర్చు సంస్థే భరించాలని ఉపనియమాల్లో ఉంది కదా, నేను వైస్ ప్రెసిడెంటును కదా, నా ఖర్చు ఇవ్వండి అని అతను దావా వేశాడు. దానికి సంస్థ ఇచ్చిన జవాబు వినదగ్గది. ఈ రంగంలో ఆ పేరు చాలామందికి ఇస్తారు, అంతమాత్రాన వాళ్లు ఆఫీసర్లు అయిపోరు అని. ఆఫీసర్ అన్న మాటకు ఇక్కడ అర్థం స్పష్టంగా లేదని 2014లో అప్పీలు కోర్టు అంది. చివరికి 2016లో డెలావేర్ కోర్టు సంస్థ పక్షానే తీర్పిచ్చింది. పేరు పెట్టినవాళ్లే కోర్టు బోనులో నిలబడి ఆ పేరుకు అంత అర్థం లేదన్నాక మనం ఇంకా పట్టుకు వేలాడటం దేనికి?

అమెరికా చట్టాలకు ఈ సంగతి కొత్త కాదు. అక్కడి కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ నిబంధనల్లో రెగ్యులేషన్ ఓ అని ఒకటుంది. బ్యాంకు తన సొంత పెద్దలకు అప్పులిచ్చుకోవడం మీద పెట్టిన కట్టడి. దాని ప్రకారం ప్రతి వైస్ ప్రెసిడెంటూ కార్యనిర్వాహక అధికారి కిందే లెక్క, బోర్డు తీర్మానంతోనో ఉపనియమాలతోనో అతన్ని ముఖ్య విధాన నిర్ణయాల నుంచి తప్పిస్తే తప్ప. పేరు ఒక చేత్తో ఇచ్చి, పెత్తనం ఇంకో చేత్తో తీసేసుకునే దారి నిబంధనలోనే ఉందన్నమాట.

ఒకప్పుడు ఈ వ్యాపారం ఇలా ఉండేది కాదు. 1869లో పుట్టిన గోల్డ్‌మాన్ 1999 దాకా భాగస్వాముల సంస్థ. మోర్గాన్ స్టాన్లీ 1986లో గానీ షేర్లు జనానికి అమ్మలేదు. భాగస్వామి అంటే తన ఆస్తి ఒడ్డినవాడు. బేరం చెడితే నష్టం అతని ఇంటి గడప తొక్కేది. మన మండీ యజమానికి, ఆ రోజుల వాల్ స్ట్రీట్ భాగస్వామికి మధ్య తేడా అంకెల్లోనే. సంస్థలు పబ్లిక్ కంపెనీలు అయ్యాక ఆ ఒడ్డే సొమ్ము వాటాదారులది అయింది. గోల్డ్‌మాన్‌లో భాగస్వామి అనే మాట మాత్రం ఇంకా బిరుదుగా మిగిలింది. రెండేళ్లకోసారి కొత్తవాళ్లను ప్రకటిస్తారు, 2024లో 95 మందిని ప్రకటించారు. మేనేజింగ్ డైరెక్టర్లయితే 2021లో ఒక్క జట్టుగా 643 మంది, 2023లో 608 మంది అయ్యారు. పూచీ తగ్గినకొద్దీ పేర్లు పెరిగాయని నా అంచనా. అందుకు కారణాలూ వెతుక్కోనక్కర్లేదు. కోట్ల ఫీజు ఇచ్చే క్లయింటు చిన్న ఉద్యోగితో మాట్లాడనంటాడు, కాబట్టి మాట్లాడే ప్రతివాడికీ పెద్ద పేరు తగిలించాలి. జీతం పెంచడం కన్నా విజిటింగ్ కార్డు మార్చడం చవక. ఒక బ్యాంకు పేరు పెంచితే పక్క బ్యాంకు ఊరుకోలేదు, మనిషి జారిపోతాడన్న భయం.

దీన్ని ఎమ్మిగనూరు పక్కన పెట్టి చూడండి. మాచాని సోమప్ప పూనికతో 1938లో ఏర్పడిన చేనేత సహకార సంఘం ఈ ఊరికి గుర్తింపు తెచ్చింది, ఆయనకు 1954లో పద్మశ్రీ వచ్చింది. సహకార సంఘంలోనూ డైరెక్టర్లుంటారు. ఆ డైరెక్టరును సభ్యులు, అంటే మగ్గం మీద కూర్చునే నేతగాళ్లు, ఓటేసి ఎన్నుకుంటారు. సంఘం సొమ్ము దుర్వినియోగం చేస్తే 1964 సహకార సంఘాల చట్టం కింద సర్‌చార్జి విచారణ జరిపి సొంత జేబు నుంచి కక్కించవచ్చు. 2013 కంపెనీల చట్టంలోనూ డైరెక్టర్ అంటే బోర్డు సభ్యుడే, అతని విధులను 166వ సెక్షన్ విడిగా చెప్పింది. మేనేజింగ్ డైరెక్టర్ అంటే సంస్థ నిర్వహణలో గణనీయమైన అధికారాలు అప్పగించిన డైరెక్టరని అదే చట్టం నిర్వచనం. ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు డైరెక్టరు సాధారణంగా బోర్డు గది గుమ్మం కూడా తొక్కడు, అతనొక ఉద్యోగి. ఒకే మాటకు చట్టం ఒక అర్థం, జీతాల చిట్టా ఇంకో అర్థం చెబుతుంటే, తక్కువ తెలిసినవాడు మోసపోతాడు. మోసం ఎవరూ చేయకపోయినా సరే.

ప్రభుత్వ బ్యాంకుల మాటేమిటి, అక్కడా బోలెడు హోదాలున్నాయిగా అనవచ్చు. ఉన్నాయి. స్కేల్ ఒకటి అసిస్టెంట్ మేనేజర్ నుంచి స్కేల్ ఏడు జనరల్ మేనేజర్ దాకా మెట్లున్నాయి, జాతీయ బ్యాంకుల్లో ఈ స్కేళ్లు 1979 నుంచి ఒకే తీరున ఉన్నాయి. అయితే ఆదోనిలో ఏ బ్రాంచి మేనేజరైనా ఏ స్కేలో, ఆ స్కేలుకు జీతం ఎంతో, ఎంతవరకు రుణం మంజూరు చేసే అధికారం ఉందో కనుక్కోవడం కష్టమేమీ కాదు. తన పరిధి దాటిన ఫైలును రీజినల్ ఆఫీసుకు పంపుతానని ఆయనే చెబుతాడు. అక్కడ పేరు వెనక అంకె ఉంది, అంకె వెనక సంతకం ఉంది. స్కేలు ఒకటైతే కర్నూలులో ఉన్నా కోల్‌కతాలో ఉన్నా మెట్టు ఒకటే. విదేశీ బ్యాంకు వైస్ ప్రెసిడెంటు విషయంలో ఇలాంటిది బయటివాళ్లకు ఏదీ తెలియదు. న్యూయార్క్‌లో కంపెనీల కొనుగోళ్లు నడిపేవాడికీ, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ చూసేవాడికీ, రిస్కు లెక్కలు చూసేవాడికీ అదే పేరు. ముగ్గురి పనీ విలువైనదే. పని వేరు, జీతం వేరు, రేపటి దారి వేరు, పేరు మాత్రం ఒకటే.

ఇంత రాద్ధాంతం దేనికి, ఎవరికో చిన్న గౌరవం దక్కితే మీకొచ్చిన నష్టమేమిటని ఇంకో ఆక్షేపణ. పడమటి కర్నూలు నుంచి ఏటా వేల కుటుంబాలు మిరప కోతలకు, పత్తి తీతలకు గుంటూరు వైపు, కట్టడం పనులకు బెంగళూరుకు వలస పోతున్న చోట, ఆ ఇళ్ల నుంచే ఒక పిల్ల పెద్ద బ్యాంకు మెట్టెక్కిందంటే సంబరపడాల్సిందే. ఆ సంబరాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. నష్టం ఆ పేరును చుట్టూ ఉన్నవాళ్లు రూపాయల్లోకి మార్చే దగ్గర మొదలవుతుంది. పేరును చూసి కట్నం లెక్కలు మారతాయి, ఇంటి రుణాలు పెద్దవవుతాయి. ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్ కోర్సు చేయిస్తామనే శిక్షణ సంస్థ పై మెట్టు పేరు చూపించి కింది మెట్టుకు ఫీజు వసూలు చేస్తుంది. మార్కెట్ పడిపోయి ఉద్యోగాల కోత పడిన రోజున వైస్ ప్రెసిడెంటుకూ అనలిస్టుకూ అందే కాగితం ఒకటే. అప్పుడు ఊరు అడిగే ప్రశ్న మాత్రం వేరు, అంత పెద్ద పదవిలో ఉన్నవాణ్ని ఎలా తీసేశారు, ఏం తప్పు చేశాడు అని. లేని అధికారానికి లేని నింద ఆ మనిషి మోయాలి.

అన్నిటికన్నా గట్టి ఆక్షేపణ ఇంకొకటుంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. పని నుంచి పుట్టిన మన పేర్లు మనుషుల్ని పనికే కట్టేశాయి. ముప్పై ఏళ్లు లెక్కలు రాసినా గుమాస్తా గుమాస్తాయే. హమాలీ నడుము వంగినా అతని పేరు మారదు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టి జీవితమంతా నేసినవాడు నేత కార్మికుడిగానే పోతాడు, పక్కన నూలిచ్చి నేయించుకునే మాస్టర్ వీవర్ కొడుకు మాస్టర్ వీవర్ అవుతాడు. మన పేర్లలోని ఆ స్పష్టతలో సగం కులానికి, పెట్టుబడికి కట్టిన కంచె. ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు నిచ్చెన ఆ కంచెను కొంతైనా దూకించింది. ఎవరి మనవడివని అడగకుండా, ఇన్నేళ్లలో ఈ మెట్టు అని ముందే చెబుతుంది. ఆదోని మండీలో గుమాస్తా కొడుక్కి దొరకని మాట అది. ఈ ఒక్క విషయంలో వాళ్ల పద్ధతికి నేను దణ్ణం పెడతాను. అయితే కింది మెట్లు వెడల్పు, పై మెట్లు సన్నం. వేల వైస్ ప్రెసిడెంట్లలో మేనేజింగ్ డైరెక్టర్ అయ్యేది కొన్ని వందల మంది, భాగస్వామి అయ్యేది వందలోపు. ఎక్కలేని వాళ్లను మర్యాదగా బయటికి పంపడం ఈ రంగంలో రివాజు. నిచ్చెన నిజమైనదే కనుక, ఎన్ని మెట్లున్నాయో, తను ఏ మెట్టు మీదున్నాడో దాచకుండా చెప్పడం దానికే మేలు.

మనమేం తక్కువ తిన్నామా అంటారా? నిజమే. ఏ కూడలి ఫ్లెక్సీ చూసినా రాష్ట్ర నాయకులే, వార్డు మెంబరుగా నిలబడనివాడు కూడా. రెండు అంకణాల కొట్టుకు ఛైర్మన్ అండ్ ఎండీ ఉంటాడు. ఊరు ఆ ఫ్లెక్సీ చూసి నవ్వుకుని దాటిపోతుంది, ఎందుకంటే ఆ మనిషి ఎవరో తెలుసు. హైదరాబాదు అద్దాల మేడలో ఉన్న మనిషి తెలియదు కనుకే పేరును నమ్మాల్సి వస్తోంది.

నమ్మనక్కర్లేదు, అడిగితే చాలు. సంబంధం మాట్లాడేవాళ్లు, పిల్లల్ని కోర్సులో చేర్పించేవాళ్లు మొహమాటపడకుండా అడగాలి: బాబూ, నువ్వు చూసే విభాగం ఏది? నీ పైన ఎన్ని మెట్లున్నాయి? జీతంలో స్థిరంగా వచ్చేదెంత, బోనసు మీద ఆధారపడేదెంత? నీ సంతకంతో కదిలే పని ఏదైనా ఉందా? ఈ ప్రశ్నలకు పిల్లలు నొచ్చుకోరు. నిజానికి చాలామందికి ఊరి దృష్టిలో తాము మోస్తున్న ఆ ఉపాధ్యక్ష పదవి దించుకుంటే హాయి. కాలేజీల యాజమాన్యాలకు మాత్రం ఒక మనవి. వచ్చే ఏడాది ప్లేస్‌మెంట్ ఫ్లెక్సీ మీద బ్యాంకు పేరు, హోదా పెద్దక్షరాల్లో వేయించేటప్పుడు, విద్యార్థి ఒప్పుకుంటే, విభాగం పేరు, స్థిరమైన జీతం కూడా అంతే పెద్దక్షరాల్లో వేయించండి. పత్తి రైతు తక్‌పట్టీ మీద తూకమూ ధరా రెండూ ఉంటాయి.